లీలండ్ ట్రక్కు తాగుడు

బిల్లింగ్స్
మే 4, 1998

బావగారికి,

నేను బాగానే ఉన్నాను. మోకాలు మాత్రం ఈ మూడో అంతస్తు మెట్లతో రోజూ పేచీ పడుతోంది. లిఫ్టు ఉంది. అందులో ఎక్కితే పక్క వాటా ఆవిడ తన పిల్లి జబ్బులన్నీ వినిపిస్తుంది. మెట్లే నయం.

సూటిగా విషయానికి వస్తాను. మీకైతే విషయానికి రావడానికి మూడు పేజీలు పడుతుంది, నాకు అంత ఓపిక లేదు. సహకార సంఘం బంకు నుంచి ఏప్రిల్ బిల్లు వచ్చింది. ఇంకా మీ తమ్ముడు లీలండ్ పేరు మీదే వస్తోంది. పేరు మార్చమని నేను అడగలేదు, వాళ్ళూ మార్చలేదు. గడ్డి మంటల్లో పోయిన మనిషికి రెండేళ్ళుగా నెలనెలా కవరు వస్తుంటే నేను చించుతున్నాను.

ఆయన పోయాక, "ట్రక్కు మీ దగ్గరే ఉంచండి. నా బీడు కంచెలు చూస్తున్నారు కదా, పెట్రోలు మా ఖాతాలో పోయించుకోండి" అన్నది నేనే. ఆ మాట తప్పను. కాని బావగారూ, ఆ ట్రక్కు ఏం చేస్తోంది? ఆయన నడిపినప్పుడు గాలనుకు పన్నెండు మైళ్ళు వచ్చేది. ఇరవై ఏళ్ళు దాటిన బండి, ఎనిమిది సిలిండర్ల ఇంజను, అంతకు మించి ఇవ్వదని నాకూ తెలుసు. మీరు వెళ్ళేది కంచె చుట్టూ, వారానికోసారి ఊళ్ళోకి. ఆ లెక్కన ఇప్పుడు ఎనిమిది కూడా రావడం లేదు. పైగా చలికాలం బిల్లులన్నీ బాగున్నాయి. చలికాలంలో తక్కువ తాగి, మంచు కరగగానే ఎక్కువ తాగే బండిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ రోడ్డు మీద స్కూలు బస్సు నడిపాను. ఇంజను గురించి నాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక్కడ ఒకతను పాత ట్రక్కులు కొని రంగులు వేసి అమ్ముతాడు. చిన్నప్పుడు నా బస్సులో వెనక సీటుకు చూయింగ్ గమ్ అంటించినవాడే. మంచి ధర ఇస్తానంటున్నాడు. లీలండ్ ట్రక్కు అమ్మేసి మీకు ఓ చిన్న బండి కొనిపెడదామని ఉంది. ఏమంటారు?

వెర్నా


కాటన్‌వుడ్ ఫోర్క్, మోంటానా
మే 16

మరదలు వెర్నాకు హాల్వర్ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేదు, అందుకని చాలా మర్యాదగా రాసినట్టు అనిపించింది.

ట్రక్కు సంగతి చెబుతాను. తప్పంతా కార్బురేటరుది. దాని గురించి నేను చదివాను. నేను ఆరో తరగతిలో బడి మానేసి గొర్రెల వెంట పోయినవాణ్ణి, ఆ తరువాత నేర్చుకున్నదంతా ఒక విజ్ఞాన సర్వస్వం చలవ. సిగ్రిడ్ కాపురానికి వచ్చిన కొత్తలో ఒక అమ్మకందారు మన గుమ్మంలోకి వచ్చాడు, సూటు, బూటు, బూట్ల నిండా బురద. నెలకో సంపుటం పంపిస్తానన్నాడు. అక్షర క్రమంలో మొదటి సగం పంపాడు, తరువాత మనిషీ లేడు, పుస్తకాలూ లేవు. అందువల్ల కార్బురేటరు గురించి నాకు క్షుణ్ణంగా తెలుసు, టైర్ల గురించి ఏమీ తెలియదు. ఆ సంపుటం రాలేదు. సిగ్రిడ్ బతికున్నంత కాలం ఎవరైనా నన్ను ప్రశ్న అడిగితే ముందు తనే అడిగేది, "అది మొదటి సగంలో ఉందా, రెండో సగంలోనా?" అని.

డెల్‌బర్ట్‌కు చూపించాను. మన బంకు వెనక షెడ్డులో మెకానిక్కు, నీకు తెలుసుగా. బానెట్ ఎత్తి లోపలికి చూసి టోపీ తీశాడు.

"ఏరా, పోయిందా?" అన్నాను.

"లేదు. పెద్దవాళ్ళ ముందు టోపీ తీయాలని మా అమ్మ చెప్పింది."

"తాగుడు తగ్గించే మందేమైనా ఉందా?"

"ఈ వయసులో మానిపిస్తే చస్తుంది. తాగనీ పెద్దాయనా."

ఇదీ వైద్యుడి మాట. దానికి తోడు ఈ ఏడు పడమటి గాలి ఎక్కువగా ఉంది. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి. వచ్చేటప్పుడు వెనక నుంచి తోయాలి కదా అంటావు. ఇక్కడి గాలి మధ్యాహ్నం భోజనం చేసి దిక్కు మార్చుకుంటుంది. ఇక పెట్రోల్లో ఇప్పుడు మొక్కజొన్న సారా కలుపుతున్నారట. సారా అలవాటైన ఇంజను ఊరికే ఉంటుందా?

కాబట్టి అమ్మకు. ఇరవై ఏళ్ళు వాడు కూర్చున్న సీటది. వాడి ఒళ్ళు ఎంత గుంట చేసిందో అంత గుంట ఇంకా ఉంది. నేను కూర్చుంటే అందులోకి జారిపోతాను, తమ్ముడు నాకంటే లావు కదా.

ట్రక్కు అంటే గుర్తొచ్చింది. మా నాన్న పాత ట్రక్కు, పంది కథ నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. నడి చలికాలం. మా ఆడపందికి జలుబుతో రొమ్ము పట్టింది, మైల్స్ సిటీ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. వెనక వేస్తే గడ్డకట్టి చస్తుంది. మా నాన్న దాన్ని ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టి, చలికి చెవులు రాలిపోకుండా మా అమ్మ చర్చికి పెట్టుకునే టోపీ దాని తలకు కట్టాడు. గడ్డం కింద రిబ్బను ముడి కూడా వేశాడు. దారిలో ఎదురైన ప్రతివాడూ ఆనవాయితీ ప్రకారం స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరించి, మళ్ళీ ఆవిడ కోసమని టోపీ ఎత్తుతున్నాడు. వంతెన దగ్గర షెరీఫ్ ఆపాడు. కిటికీ దించమన్నాడు. లోపలికి వంగి చూశాడు...

కాగితం అయిపోయింది. షెరీఫ్ ఏమన్నాడో వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ బావ
హాల్వర్


బిల్లింగ్స్
జూన్ 1

బావగారికి,

ఎదురుగాలి రెండు వైపులా వీస్తుందని ముప్ఫై ఏళ్ళు అదే రోడ్డు మీద బస్సు నడిపినదానికి చెబుతున్నారు. హోంవర్కు ఎగ్గొట్టిన పిల్లలు ఇంతకంటే మంచి అబద్ధాలు ఆడేవారు.

చోక్ ఇరుక్కుందా? టైర్లలో గాలి ఉందా? బ్రేకులు చక్రాలను పట్టేస్తున్నాయా? గాలి ఫిల్టరులో ఎలుక గూడు పెట్టిందా? ఇవి చూడండి. ఇవన్నీ బాగుంటే తప్పు బండిలో లేదు, నడిపేవాడిలో ఉంది.

మైల్స్ సిటీలో పియానో నేర్పే ఆవిడ దగ్గరికి మీరు వెళ్తున్నారని ఎవరో చెవిన వేశారు. అంత దూరమంటే పెట్రోలు లెక్క సరిపోతుంది. సిగ్రిడ్ పోయి మూడేళ్ళు కావస్తోంది, వెళ్తే వెళ్ళండి, నేను తప్పు పట్టను. కాని లీలండ్ పెట్రోలు మీద సరసాలకు వెళ్ళకండి.

ట్రక్కు చూడడానికి అతన్ని ఈ నెలాఖరుకు పంపుతాను. చూసినంత మాత్రాన కొన్నట్టు కాదు. నచ్చితే మాట్లాడుకుంటాను.

పంది కథ నాకు రాయకండి. అది నాకు తెలుసు. షెరీఫ్ ఏమన్నాడో కూడా తెలుసు. ఇంకే కథైనా రాయండి, అది వద్దు.

వెర్నా


కాటన్‌వుడ్ ఫోర్క్
జూన్ 14

మరదలు వెర్నాకు,

పియానో ఆవిడకు ఒకసారి నా పాట వినిపించిన మాట నిజం. తలుపు వేసేసుకుంది. అంతటితో ఆ రాగం ముగిసింది. నీ చెవిన వేసినవాళ్ళను ఆ సంగతి కూడా వెయ్యమను.

చోక్ బాగుంది. ఫిల్టరు కొత్తది వేశాను. ఎలుక గూడు ఫిల్టరులో లేదు, సీటు కింద ఉంది. దాన్ని కదపలేదు, లీలండ్ చేతి రుమాలు ఒకటి అందులో అల్లుకుని ఉంది. ప్లగ్గులన్నీ మార్చాడు డెల్‌బర్ట్. మార్చి, "నీకు కావలసింది ప్లగ్గులు కాదు పెద్దాయనా, నిజం" అన్నాడు. వాడికీ ఈ మధ్య నోరెక్కువైంది. కుక్క కరిస్తే ఆసుపత్రికి నేనే మోసుకెళ్ళాను వాణ్ణి, ఏడేళ్ళ వయసులో. అప్పుడు కరిచిన కుక్క కూడా మా నాన్నదే అనుకో. అది ఇంకో కథ.

వెర్నా, ఒక్క మాట అడుగుతాను, నవ్వులాటకు కాదు. మంచు పడేదాకా ఆగు. అక్టోబరులో వచ్చి పట్టుకుపొమ్మను నీ రంగుల మనిషిని, తాళం చెవి ఎప్పటిలాగే బండికే ఉంటుంది. ఈ వేసవి మాత్రం వద్దు. ఏప్రిల్ నుంచి చినుకు లేదు. గడ్డి అప్పుడే సింహం వెంట్రుకల రంగుకు తిరిగింది, కాలు పెడితే విరుగుతోంది. మొన్న వాగు అవతల పిడుగు పడింది. పొగ లేస్తుందేమోనని కాఫీ చల్లారేదాకా గుమ్మంలో నిలబడ్డాను. లేవలేదు. ఊళ్ళో ఫైరింజను వాగు చుట్టూ తిరిగి మన వైపు వచ్చేసరికి కాలవలసింది కాలిపోయి ఉంటుంది. అది నీకు చెప్పక్కర్లేదు.

పంది కథ ఎందుకు వద్దన్నావో అర్థం కాలేదు. ఆ కథకు ఈ జిల్లాలో నవ్వని మనిషి లేడు. సరే, నీ ఇష్టం.

హాల్వర్


బిల్లింగ్స్
జూలై 2

బావగారికి,

అతను వచ్చి వెళ్ళాడు. మీరు ఇంట్లో లేరట, ఫ్లోసీ కాఫీ హోటల్లో ఉన్నారట. ట్రక్కు హోటలు ముందే ఉంది, తాళం చెవి దానికే ఉంది. ఊళ్ళో తిప్పి చూశాడు. తిరిగొచ్చి నాకు ఫోన్ చేశాడు.

"బస్సు అత్తా, ఇంజనుకేం లేదు, గడియారంలా ఉంది. కాని వెనక ఆ నీళ్ళ ట్యాంకేంటి?" అన్నాడు.

"ఏ ట్యాంకు?"

"ఇనుప ట్యాంకు, దానికి పంపు, గొట్టం చుట్ట. అంచు దాకా నీళ్ళు. రెండు వందల గాలన్లు ఉంటాయి. ఓ ఆంబోతును ఎక్కించుకుని తిరుగుతున్నట్టే. బ్రేకు కొడితే నీళ్ళన్నీ ముందుకొచ్చి నన్ను కూడా తోశాయి. గాలనుకు ఎనిమిది మైళ్ళు వస్తోందంటే ఆ ఇంజనుకు దండం పెట్టాలి."

ఆయన అంత్యక్రియల రోజున చూసినప్పుడు ఆ ట్రక్కు వెనక ఖాళీ. ట్యాంకు పశువుల కొట్టం గోడ పక్కన పడి ఉంది. ఈ రెండేళ్ళూ అది అక్కడే తుప్పు పడుతోందనుకున్నాను.

కార్బురేటరు అన్నారు. గాలి అన్నారు. సారా అన్నారు. డెల్‌బర్ట్ చేత ప్లగ్గులు కూడా మార్పించారు, అదీ నా ఖాతాలోనే. వెనక బరువు పెట్టుకుని ముందు వైద్యం చేయిస్తున్నారు. ఊరంతా ఆ ట్యాంకును చూస్తూనే ఉంది, నాకొక్కదానికే తెలియదు. హోటల్లో చెప్పుకుని నవ్వుకోవడానికి ఇది కొత్త కథా? వెర్నా బిల్లు కడుతుంది, మనం నీళ్ళను ఊరేగిద్దాం అని?

నీళ్ళు మోయడానికి పెట్రోలు తగలేయడమేమిటి? ఆ ట్యాంకు దించండి. దించి నాకు రాయండి. ఆగస్టులో అతను వచ్చి ట్రక్కు తీసుకెళ్తాడు. ఇక దీని మీద చర్చ లేదు.

వెర్నా


కాటన్‌వుడ్ ఫోర్క్
జూలై 8

వెర్నాకు,

నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. "నీళ్ళు మోయడానికి పెట్రోలు తగలేయడమేమిటి, ఆ ట్యాంకు దించండి" అని. దాన్ని నేను ఇంతకు ముందు విన్నాను. రెండేళ్ళుగా అదే వింటున్నాను. ఇప్పుడు నీ చేతిరాతలో చూశాను.

నేను చెప్పదలుచుకోలేదు. నా నోటికి తాళం లేదని జిల్లా అంతా అనుకుంటుంది, ఈ ఒక్క దానికి వేశాను. నువ్వు ఆ వాక్యం రాశావు కాబట్టి తాళం తీస్తున్నాను.

మంట లేచిన రోజు ఉదయం మీ ఇంటి ముందు నుంచి నా కారులో వెళ్తున్నాను. ట్యాంకు గోడ పక్కన నేల మీద ఉంది. ట్రక్కు వెనక ఖాళీ. జూలై నెల. మంచు కరిగిన దగ్గర నుంచి మళ్ళీ మంచు పడేదాకా మన వైపు ఏ ఇంటివాడూ నీళ్ళు దించడు, అది మా నాన్న నాటి నుంచి ఉన్న పద్ధతి. కిటికీలోంచి కేకేశాను.

"ఏరా లీలండ్, ట్యాంకు దించావేం?"

వాడు ముంగిట్లో నిలబడి నవ్వాడు. "వెర్నా గోల అన్నయ్యా. నీళ్ళు మోయడానికి పెట్రోలు తగలేస్తున్నావంటుంది. నువ్వు పో, నీకు ఆలస్యమవుతోంది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వాగు ఒడ్డున పిడుగు పడింది. అందరికంటే ముందు చేరింది వాడే. చేతిలో ఏముంది? ఒక పార, తడిపిన రెండు గోనె సంచులు. గాలి తిరిగింది. ట్యాంకు ఉంటే తన చుట్టూ నేల తడుపుకుని నిలబడేవాడు, ఒళ్ళు కమిలేది, అంతే. నేను వెళ్ళేసరికి ట్రక్కు రోడ్డు మీద చెక్కుచెదరకుండా ఉంది, తాళం చెవి దానికే ఉంది. రంగు కూడా కమలలేదు. నీకు గుర్తుందా, ఎంత శుభ్రంగా ఉందో.

నువ్వు బిల్లింగ్స్ వెళ్ళిపోయాక డెల్‌బర్ట్‌ను పిలిచి ట్యాంకు ఎక్కించాను. ఎందుకని వాడు అడగలేదు. పోయిన వేసవి కార్‌స్టెన్ వాళ్ళ గడ్డివాములు అంటుకుంటే ఆర్పింది ఈ నీళ్ళే, ఈ తాగుబోతు ట్రక్కే. వాళ్ళ ఇల్లు నిలబడి ఉంది. వెళ్ళి చూసుకో.

నువ్వు బాధపడతావనే కార్బురేటరు కథలు రాశాను. నువ్వేమో మళ్ళీ మైలేజీ లెక్కలు కట్టావు. ఆ లెక్క ఒకసారి ఎంతకు తేలిందో చూశావు. చాలదా?

ట్యాంకు దించను.

హాల్వర్


బిల్లింగ్స్
జూలై 13

బావగారూ,

మీ ఉత్తరం సరిగ్గా ఆయన పోయిన తేదీ నాడే చేతికి వచ్చింది. పోస్టు వాళ్ళకు ఆ సంగతి తెలియదు కాబట్టి వాళ్ళను ఏమీ అనను.

అవును, ఆ మాట అనేదాన్ని. కాపురానికి వచ్చినప్పటి నుంచి ప్రతి వేసవి అన్నాను. ఆయన ప్రతి వేసవి నవ్వి, "అలాగేనే, దించుతాను, మంచు పడనీ" అనేవారు. ఒక్కసారి దించలేదు. అది మా ఇద్దరి మధ్య పాట లాంటిది. నా మాట విని ట్యాంకు దించే మనిషైతే చుట్ట ఎప్పుడో మానేసేవారు.

ఆ ఒక్కసారి ఎందుకు దించారో నేనూ చెప్పదలుచుకోలేదు. రెండేళ్ళు నోరు మూసుకున్నది మీరొక్కరే అనుకుంటున్నారు.

ఆ ఏడు సిగ్రిడ్ సమాధి రాయి మైల్స్ సిటీలో ఈస్టరు నుంచి చెక్కి సిద్ధంగా ఉంది. రాయి చెక్కినవాళ్ళే తెచ్చి దించుతామన్నారు. మీరు వద్దన్నారు. "కిరాయి వాళ్ళు నా సిగ్రిడ్ పేరును సంతలో సరుకులా దొర్లిస్తారు, లీలండ్ తెస్తేనే తెచ్చినట్టు" అన్నారు. ఆదివారం ఆదివారం చర్చి మెట్ల మీద పట్టుకుని అడిగారు. గడ్డి కోత ఆపుకుని ఆయన వెళ్ళారు. రాయి, నీళ్ళు రెండూ ఒక ట్రక్కులో పట్టవు. అందుకు దించారు ట్యాంకు. రెండేళ్ళలో మీకు ఇది తట్టనే లేదా? రాయి మంట లేచిన ముందు రోజే నిలబెట్టారు. మరునాటి పొద్దున మీరు మా ముంగిలి ముందు నుంచి ఎక్కడికి వెళ్తున్నారో రాయలేదేం? కారులో వెళ్తున్నాను అని మాత్రం రాశారు. సూటు వేసుకుని, పూలు పట్టుకుని, ఆ రాయి చూడడానికి వెళ్తున్నారు. పెళ్ళాం రాయి మొదటిసారి చూడబోతున్న అన్నతో, "వదిన రాయి కోసమే దించానన్నయ్యా" అనే మనిషా ఆయన? నా మీదికి తోసి నవ్వేశారు. నన్ను అడ్డం పెట్టుకుని జోకు వేయడం ఆయనకు అలవాటే.

అది కూడా వదిలేద్దాం. రాయి తెచ్చినందుకు మిమ్మల్ని నేను ఎప్పుడూ అనలేదు.

రాయి నిలబెట్టి వచ్చిన సాయంత్రమే ట్యాంకు మళ్ళీ ఎక్కించాలనుకున్నారు. ఇనుప ట్యాంకు, ఖాళీదైనా ఇద్దరు మగవాళ్ళు పట్టాలి. నా నడుము సంగతి మీకు తెలుసు. మిమ్మల్ని పిలుచుకొస్తానని ఫ్లోసీ హోటలుకు వచ్చారు. ఒక కాఫీ తాగి ఒక్కరే తిరిగొచ్చారు.

"ఏరీ బావగారు?" అన్నాను.

"పంది కథలో ఉన్నాడు. ఇప్పుడే దానికి టోపీ కట్టాడు. షెరీఫ్ దాకా రావాలంటే పొద్దుగూకుతుంది" అన్నారు.

"లేపుకు రాలేకపోయారా?"

"సిగ్రిడ్ పోయాక అన్నయ్య నలుగురి మధ్య నోరు విప్పింది ఇవాళేనే. మధ్యలో ఎలా ఆపను? రేపు ఎక్కిద్దాంలే."

ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారట. మీరు చూసి, "కూర్చోరా తమ్ముడూ, అసలు మజా ముందుంది" అన్నారట.

రేపు ఏమైందో మీకు తెలుసు, పోయిన ఉత్తరంలో నాకు వివరంగా రాశారు కూడా.

మీరు అడిగారు, పంది కథ ఎందుకు వద్దన్నావని.

వెర్నా


కాటన్‌వుడ్ ఫోర్క్
ఆగస్టు 19

వెర్నాకు,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది.

వాడు తలుపు దగ్గర నిలబడింది గుర్తుంది. కాఫీకి వచ్చాడనుకున్నాను.

ఫ్లోసీ హోటలుకు పోవడం లేదు. మొన్న ఫ్లోసీ దారిలో ఎదురై షెరీఫ్ ఏమన్నాడో చెప్పమంది, మనవరాలికి వినిపిస్తుందట. మరిచిపోయానన్నాను.

ట్రక్కు నీది. అతన్ని పంపు. ట్యాంకు దించడానికి ఇద్దరు కావాలి. ఒక్కణ్ణే ఉన్నాను. రెండో మనిషిని వెంట తీసుకురమ్మను.

హాల్వర్


బిల్లింగ్స్
ఆగస్టు 31

బావగారికి,

అతన్ని రావద్దని చెప్పాను.

మంచు పడేదాకా ట్యాంకు దించకండి. ట్రక్కు తాగినంత తాగనివ్వండి. బిల్లు ఆయన పేరు మీదే రానివ్వండి.

ట్యాంకుకు ఎడమ పక్క గొలుసు రోడ్డు గుంటల్లో వదులవుతుంది. ఆయన పశువుల గేటు దగ్గర ఆగి బిగించేవారు. మీరు మీలో మీరు మాట్లాడుకుంటూ నడుపుతారు, చూసుకోరు. చూసుకోండి.

ఉత్తరాలు ఇక రాయకండి. నేనూ రాయను. మీరేం రాసినా ఆ తలుపు దగ్గర ఆయనే కనిపిస్తారు. నెల తిరిగేసరికి బంకు నుంచి కవరు వస్తుంది, అందులో అంకె చూస్తే మీరు బతికున్నారని, నీళ్ళు ట్రక్కులోనే ఉన్నాయని తెలుస్తుంది.

అంకె తగ్గితే ఫోన్ చేస్తాను.

వెర్నా